యాలాల్ ఎండలో రెండు కెమేరాలు

హైదరాబాదు నుంచి వాడి వైపు పోయే రైలెక్కితే, వికారాబాదు దాటిన తరువాత క్రమంగా నేల రంగు మారుతుంది. సికిందరాబాదును వాడితో కలుపుతూ 1874 నాటికి నిజాం రాజ్యంలో వేసిన రైలుదారి ఇది. తాండూరులో దిగి యాలాల్ వైపు సాగామంటే దారి పొడుగునా నల్లరేగడి కందిచేలు. తాండూరు చుట్టుప్రక్కల ఎటు చూచినా నీలం, పసుపు వన్నెల నాపరాళ్ళ దొంతరలు. ఇక్కడి కందులకు 2022లో భౌగోళిక గుర్తింపు లభించింది. నాపరాయి సంగతి వేరే చెప్పాలా? మన ఇళ్ళలో ఎందరో పిల్లలు పాకడం నేర్చుకున్నది దాని మీదనే!

నల్లని నేల, లేతరంగు రాయి ప్రక్కప్రక్కనే వుండడం కంటికి పండుగే. ఫోటో తీసేవారికి మాత్రం అది గట్టి పరీక్ష.

తాతగారి అటక మీది పాత కెమేరాను దింపి, దుమ్ము దులిపి, మళ్ళీ ఫిల్ము వేసి తీయాలనే సరదా ఈ రోజుల్లో కొందరు యువకులకు కలిగింది. ఆ కెమేరా యాషికా-డి అనుకుందాం. రీలుకు పన్నెండే బొమ్మలు. ఫిల్ము ఖరీదు, కడిగించే ఖర్చు తలచుకుంటే ఒక్కటి పాడైనా ప్రాణం ఉసూరుమంటుంది. పైగా అందులో వెలుతురు కొలిచే సాధనం లేదు. ఆరవ నిజాం ఆదరణ పొందిన రాజా దీన్ దయాళ్ (1844–1905) కాలంలో ఫోటోగ్రాఫరు అనుభవమే మీటరు. విద్యుత్తుతో పనిచేసే లైటు మీటర్లు 1930ల నుంచి వాడుకలోకి వచ్చాయి. ఇప్పుడు మీటరు కొననక్కరలేదు; ఇంట్లో వున్న డిజిటల్ కెమేరాయే ఆ పని చేస్తుంది.

పద్ధతి సులువు. ఫిల్ము డబ్బా మీద 100 అని వుంటే డిజిటల్ కెమేరాలో కూడా ఐ.ఎస్.ఓ. 100 పెట్టాలి. అది చూపిన ఎఫ్ అంకెను, షట్టరు వేగాన్ని పాత కెమేరాకు ఎక్కించాలి. అంతే!

అంతేనా? అక్కడే వున్నది తిరకాసు. మీటరు దేనిని చూచినా నడిమి బూడిదరంగుగానే భావిస్తుంది. నిండు ఎండలో ఎఫ్ 16 వద్ద 1/125 సెకను సరిపోతుందనుకోండి. లేతరంగు నాపరాళ్ళకు గురిపెడితే మీటరు 1/250 చాలునంటుంది. నల్లరేగడిని చూపితే 1/60 కావాలంటుంది. రెండు మాటలూ నమ్మితే రాయి మసకబారుతుంది, రేగడి వెలిసిపోతుంది. సూర్యుడు మాత్రం ఒక్కడే కదా!

ఇది అంకెల గొడవ మాత్రమే కాదు. రాళ్ళ మధ్య తలగుడ్డ చుట్టుకొని నిలబడిన కూలీని ఊహించండి. మిట్టమధ్యాహ్నం ముఖమంతా తలగుడ్డ నీడలో వుంటుంది. చుట్టూ రాయి ధగధగలాడుతుంది. మీటరు రాతిని చూచి లెక్క కడుతుంది. ఫలితం? రాతి మీది ప్రతి గీతా వస్తుంది. దానిని పగలగొట్టిన మనిషి ముఖం మసిబొమ్మ అవుతుంది. అందుచేత దగ్గరకు వెళ్ళి ముఖం ఒక్కదానినే కొలవాలి. అప్పుడు ఎఫ్ 8, 1/125 అని చూపవచ్చు. అంటే రాతికి చెప్పిన దానికి ఎనిమిది రెట్ల వెలుతురు!

ఆ లెక్కన డిజిటల్‌లో తీసి చూస్తే వెనుక రాయి తెల్లకాగితంలా కనిపించవచ్చు. భయపడనక్కరలేదు. నెగటివ్ ఫిల్ము ఎక్కువ వెలుతురును చాలావరకు ఓర్చుకుంటుంది. తక్కువైతేనే నీడల్లోని వివరం పోతుంది. డిజిటల్ స్వభావం ఇందుకు తలక్రిందులు. స్లైడు ఫిల్ము కూడా డిజిటల్ పక్షమే సుమా! కాబట్టి తెర మీది బొమ్మను కాక, ముఖాన్ని కొలిచిన అంకెను నమ్మాలి.

పొద్దు గూకాక కాగ్నా ఒడ్డున మరొక చిక్కు. డిజిటల్ ఎనిమిది సెకన్లు చాలునంటే, చాలా ఫిల్ములకు అంతకంటె ఎక్కువే కావాలి. మసక వెలుతురులో ఫిల్ము బద్ధకిస్తుంది. ఎంత పెంచాలో ఆ ఫిల్ము తయారుచేసినవారి పట్టికలో చూసుకోవాలి.

యాలాల్ వైపు వెళ్ళేవారు చలికాలపు ఉదయం ఎంచుకుంటే మేలు. ఏటవాలు ఎండ తలగుడ్డ క్రిందికి కూడా చేరుతుంది. ముఖానికీ రాతికీ మధ్య అంత తేడా వుండదు. అడిగి, వారు సరేనన్నాకే తీయండి. ఆ పన్నెండింటిలో వారి బొమ్మ చక్కగా వస్తే ఒక ప్రింటు వేయించి పంపండి. పని చేసేచోట తీసిన తమ ఫోటో ఎందరి ఇంట్లో వున్నది?