తిరిగి తిరిగి వచ్చే కల

కలకు అర్థం చెప్పడం మన దేశంలో చాలా పాత విద్య. లంకలో త్రిజట కన్న కల రాక్షసకుల నాశనానికి సూచనగా సుందరకాండలో నిలిచి ఉన్నది. పళ్ళు ఊడినట్లు కల వస్తే అశుభమనీ, తెల్లవారుజామున వచ్చిన కల నిజమవుతుందనీ మన పల్లెల్లో పెద్దలు నేటికీ అంటారు. ఈ శాస్త్రమంతా ఒకసారి వచ్చి పోయే కలలను గురించినదే. ఏండ్ల తరబడి ఒకే రూపంతో వచ్చే కలకు అది సమాధానం చెప్పదు. సూచించిన కీడు రాకపోయినా ఆ కల మాత్రం రావడం మానదు గదా!

నేను భిలాయిలో పుట్టి పెరిగినవాణ్ణి. ఇక్కడి ఉక్కు కర్మాగారం కోసం సోవియట్ ప్రభుత్వంతో 1955 ఫిబ్రవరిలో ఒడంబడిక కుదిరినది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్టు ఫర్నెసును ప్రారంభించారు. ఆ తరువాతి ఏండ్లలో విజయనగరం నుండి రాయగడ, టిట్లాగఢ్ మీదుగా రాయపూరు పోయే రైలు దారి పట్టి శ్రీకాకుళం, విశాఖపట్టణం జిల్లాల వారు ఎందరో ఇక్కడికి వచ్చారు. మా నాన్నగారు వారిలో ఒకరు. నాగావళి ఒడ్డున ఆయన పల్లె. అప్పుడిది మధ్యప్రదేశ్. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ అయినది. ఇల్లు కదలకుండానే మేము రాష్ట్రం మారాము.

బ్లాస్టు ఫర్నెసు ఒకసారి రగిలితే ఏండ్ల తరబడి ఆరదు. దానిని కనిపెట్టి ఉండే మనుషులే వంతులు వేసుకొంటారు: ఉదయం 6 నుండి 2 వరకు, 2 నుండి రాత్రి 10 వరకు, 10 నుండి మరల 6 వరకు. ఆ వంతుల మధ్య నిద్రకు తనదంటూ ఒక వేళ మిగలదు. రాత్రి షిఫ్టు చేసి వచ్చిన నాన్నగారి కోసం అమ్మ పట్టపగలు కిటికీలకు దుప్పట్లు కట్టేది. పిల్లలం సైగలతో ఆడుకొనేవాళ్ళం. ఆ చీకటి గదిలో ఆయన ఉలికిపడి లేచి అమ్మతో చెబుతుండగా ఆ కలను మొదటిసారి విన్నాను. నాగావళి పొంగి పారుతున్నది. ఇల్లు ఆవలి ఒడ్డున ఉన్నది. పడవవాడు చేయి ఊపుతున్నాడు గాని పడవ కదలదు. ఇంతే కల. గంగమ్మకు మొక్కుబడి ఏదో మిగిలిపోయి ఉంటుందని అమ్మ తలచి, ఆ వేసవిలో ఊరికి వెళ్ళి తీర్చి వచ్చినది. కల మాత్రం ఆగలేదు.

1996లో ఆయన ఉద్యోగ విరమణ చేసి, క్వార్టరు అప్పగించి ఊరికి వెళ్ళిపోయారు. ఇల్లూ నదీ ఒకే ఒడ్డున చేరాయి. నది కల ఆగిపోయినది. దాని స్థానంలో మరొకటి వచ్చినది: ఉదయం ఆరు దాటినది, కర్మాగారం గేటు మూసి ఉన్నది, జేబులో పాసు లేదు, లోపల ఫర్నెసు దగ్గర ఎవరూ లేరు. అర్ధరాత్రి లేచి చీకటిలో బూట్ల కోసం వెదికేవారు. ఒకసారి ఊరి పొలిమేర దాకా నడిచి వెళితే, కల్లంలో పడుకొన్నవారు చూచి ఇంటికి చేర్చారు. అమ్మ తాయెత్తు కట్టించినది. ముప్పై ఆరేండ్ల కొలువులో ఆయన ఒక్కనాడు ఆలస్యంగా వెళ్ళి ఎరుగరు.

ఆ రోజుల్లోనే నేను ఫ్రాయిడ్ స్వప్న గ్రంథాన్ని చదివాను. పరీక్ష తప్పినట్లు పదేపదే కల కనేవారు నిజంగా ఆ పరీక్ష నెగ్గినవారే అని అందులో ఉన్నది. నాడు భయపడ్డావు, అయినా గట్టెక్కావు గదా అని మనసు తనకు తాను చెప్పుకొనే ఊరట అని ఆయన భావం. షిఫ్టు తప్పిన కల కూడా అటువంటిదే అనిపించి, సంతోషంతో నాన్నగారికి చెప్పాను. ఆయన శ్రద్ధగానే విన్నారు. “అది పరీక్ష రాసి బయటికొచ్చేసినోడి సంగతిరా. నేనింకా లోపలే ఉన్నాను కదా” అన్నారు. ఫ్రాయిడ్ ఎదుట ఉంటే ఏమనేవాడో గాని, నాకు మాట తోచలేదు.

కనుపాపలు వేగంగా కదిలే నిద్రలో మనిషిని లేపితే తరచుగా కల చెబుతాడని 1953లో షికాగోలో ఎసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ కనుగొన్నారు. కల వచ్చే వేళ దీనివల్ల కొంత తెలిసినది. అదే కల ఎందుకు వస్తుందో తెలియలేదు. ఇంతకంటె బృహదారణ్యకం నాకు దగ్గరగా తోస్తుంది. అక్కడ రథాలు లేవు, దారులు లేవు. స్వప్నంలో పురుషుడే వాటిని సృష్టించుకొంటాడని దాని భావం. అయితే ఆ రథానికి కలప ఎక్కడిది? మా ఇరుగుపొరుగు తెలుగువారిని అడిగి చూచాను. గ్యాసు విభాగంలో చేసిన ఒక మిత్రుడు కలలో ఊపిరి బిగబట్టి లేస్తాడు. ఫర్నెసు నుండి వెలువడే గ్యాసులోని కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా లేవు. మెలకువలో ముక్కు పట్టలేని దానిని కల పసిగడుతున్నది కాబోలు. 2014 జూన్‌లో ఇక్కడ గ్యాసు వెలువడి ప్రాణాలు పోయిన తరువాత అతడు కలను గురించి మాట్లాడడం మానివేశాడు. మిగిలినవారిలో చాలమంది చెప్పినది నాన్నగారి కథే. ఇక్కడ ఉన్నంత కాలం ఊరు కలలోకి వస్తుంది. ఊరు చేరినవారికి ఇక్కడి సైరను వినబడుతుంది. మనిషి మకాం మార్చిన సంగతి కలకు చాల ఆలస్యంగా అందుతుందని నాకు తోస్తుంది. కొందరికి అసలే అందదు.

నాన్నగారు 2009లో పోయారు. అమ్మ ఊళ్ళోనే ఉన్నది. వచ్చే ఏడు నేనూ క్వార్టరు అప్పగించాలి. హైదరాబాదులో పిల్లల దగ్గరకా, నాగావళి ఒడ్డుకా అన్నది ఇంకా తేలలేదు. భిలాయి నా కలలోకి ఒక్కసారి కూడా రాలేదు. రెండేండ్లుగా వస్తున్నది ఆ నది. వేసవి సెలవులలో తప్ప నేను ఎన్నడూ ఉండని ఊరు, నేను ఎన్నడూ చూడని వరద. పడవవాడి తలకు ఎర్ర తువ్వాలు. మొన్న వెళ్ళినప్పుడు, ఆ రేవులో పడవ నడిపినవాడు ఎవరని అమ్మను అడిగాను. “మన రేవులో పడవెక్కడిదిరా? నీళ్ళు తీసేదాకా ఆగి నడిచే దాటేవాళ్ళం” అన్నది.