ఓడిననాటి సమాధానము

విద్యార్థులారా,

ఫుట్‌బాలు ఆటను గూర్చి మీరు నాకంటె నెక్కువ యెఱుగుదురు. బంతి నెట్లు తన్నవలెనో నేను చెప్పబోను. ఆట ముగిసిన పిమ్మట జట్టు మేనేజరు పత్రికలవారి యెదుట చెప్పవలసిన మాటను గూర్చియే వ్రాయుచున్నాను. ఉపాధ్యాయుడనగుటచే నాకు ఆ ఘట్టమే యెక్కువగా మనస్సున కెక్కును.

ఇంగ్లండునందలి ప్రిమియర్ లీగులో, ప్రసారహక్కులు కొన్న సంస్థలతో మేనేజరు ఆటకు ముందును పిదపను మాటలాడవలెనను నిబంధన కలదు. అది న్యాయమే. ఆ సంస్థల ధనము జట్లకు గొప్ప యాదాయము. ఆట చూచు జనులకు ‘ఏల ఓడితిరి?’ అని యడుగు హక్కు కలదు.

అయినను మాంచెస్టర్ యునైటెడ్ మేనేజరు సర్ అలెక్స్ ఫెర్గూసన్ 2004 మొదలు 2011 వఱకు బి.బి.సి. వారితో మాటలాడ నిరాకరించెను. తన కుమారుని గూర్చి వారు ప్రసారము చేసిన కార్యక్రమము ఆయన మనస్సును నొప్పించినది. తండ్రి మనస్సు ఎట్టిదో తండ్రులందఱు నెఱుగుదురు. కాని ఆయనకు బదులుగా సహాయకులు సమాధానము చెప్పవలసి వచ్చెను. ఒకని మౌనభారమును వేఱొకడు మోసెను.

మాటలాడుటయు సులభము కాదు. అదే ఫెర్గూసన్ 2011 మార్చిలో చెల్సీ జట్టుచేత నోడి, రిఫరీని విమర్శించెను. అందులకు 30,000 పౌన్ల జరిమానాయు, ఐదు ఆటలలో మైదానపు గీత ప్రక్కను నిలువరాదను శిక్షయు విధింపబడెను. 2015లో చెల్సీ మేనేజరు జోసే మౌరిన్యోకు ఇట్టి మాటలకే 50,000 పౌన్ల జరిమానా పడెను. నోరు విప్పకున్నను తప్పు, విప్పినను తప్పు అని మీరనవచ్చును. కాదు. జనులు కోరునది సమాధానము. నింద సమాధానము కానేరదు.

2019 జనవరిలో లీడ్స్ యునైటెడ్ మేనేజరు మార్సెలో బియెల్సా పంపిన మనుష్యుడొకడు డర్బీ కౌంటీ జట్టు అభ్యాసమును చాటుగా చూచుచు పట్టువడెను. బియెల్సా తానే పత్రికలవారిని పిలిపించి, ఆ యేట ఎదిరిజట్లన్నిటి అభ్యాసమును అట్లే చూపించితినని గంటకు పైగా వివరించెను. పంపబడినవానిపై నెపము వేయక బాధ్యత తనదే యనెను. తరువాత లీడ్స్ జట్టునకు 2,00,000 పౌన్ల జరిమానా విధింపబడెను. నిబంధన మనుష్యుని మైకు ముందు నిలుపగలదు, నిజమును పలికింపజాలదు. అది అతడే తెచ్చుకొనవలెను.

మా వృత్తిలోను ఇట్టి దినము కలదు. పరీక్షాఫలితములు వెలువడిన పిమ్మట తలిదండ్రులు వచ్చి, ‘మావాడేల తప్పినాడు?’ అని యడుగుదురు. ప్రశ్నపత్రము కఠినమని చెప్పవచ్చును. పిల్లవాడు మందుడని చెప్పుట మఱింత సులభము. కాని ఆ పిల్లవాడు తండ్రి వెనుకనే తల వంచుకొని నిలిచియుండును. నేను తండ్రికి చెప్పు ప్రతి మాటయు వాడు వినును. ఆ మాట పట్టుకొనియే వాడు మరునాడు బడికి వచ్చుటయో మానుటయో జరుగును.

ఓడిన జట్టులోని పడుచువాండ్రును తమ మేనేజరు మాటల నట్లే విందురు. మీలో రేపు నాయకులగువారు దీనిని మఱవకుందురు గాక.