మా ఊరి రామభజన

ఈ సంచికకి ఏదైనా రాయమని సంపాదకవర్గంలోని మిత్రుడు అడిగితే ముందు తప్పించుకుందామనుకున్నాను. లెక్కలూ భౌతికశాస్త్రమూ చదివేవాడికి వ్యాసాలెందుకు? "మీ ఊరి గురించి రాయరా, చాలు" అన్నాడు. మా ఊరు అనగానే నాకు మొదట గుర్తొచ్చేది వరిచేలు కాదు, కొబ్బరితోటలు కాదు. శనివారం రాత్రి రామకోవెల్లో భజన. ఆ భజన గురించి నేను ఒకరికి అబద్ధం చెప్పాను. ఆ బాకీ తీర్చుకోవడానికే ఇది రాస్తున్నాను.

మాది రాయవరం. 2022 ఏప్రిల్ 4 వరకు తూర్పు గోదావరి జిల్లా, ఆ రోజు కోనసీమ జిల్లాలో చేర్చారు. వంశీ గారి కథల పుణ్యమా అని మా మండలంలో పసలపూడి అందరికీ తెలుసు. అందుకని మేము మా ఊరు ఎక్కడని అడిగితే "పసలపూడి దగ్గరండి" అని చెప్పుకోవలసి వస్తుంది!

మా తాతయ్య రైతు. సార్వా, దాళ్వా, మధ్యలో భజన. ఆయనకి సంవత్సరం అంటే ఇంతే. ఆయన చిన్నప్పుడు భజనలో ఇరవై మంది పైగా ఉండేవారట. రైతులు, కూలీలు, ఒక దర్జీ, ఒక బడిపంతులు. హార్మణీ, డోలకు, నాలుగు జతల తాళాలు, చిడతలు. ఒకరు ముందు పాడితే మిగతావాళ్ళు వంత పాడతారు. ఇవాళ 'వంతపాట' అంటే తిట్టు. భజనలో మాత్రం అదే ప్రాణం. ముందు పాడేవాడికి ఊపిరి తీసుకునే వ్యవధి దొరికేది వంత పాడేవాళ్ళ వల్లనే కదా!

వాళ్ళు పాడేవి ఎక్కువగా రామదాసు కీర్తనలు, త్యాగరాజు దివ్యనామ కీర్తనలు. దివ్యనామ కీర్తనల్లో చాలావాటికి చరణాలన్నీ ఒకే వరసలో నడుస్తాయి. ఒక చరణం పట్టుబడితే మిగతావి వాటంతట అవే వస్తాయి. సంగీతం రానివాడు కూడా పదిమందితో కలిసి పాడడానికి అంతకన్న తేలిక మార్గం ఏముంది? మా భజనలో సంతకం పెట్టడం రానివాళ్ళు ఉండేవారు. వాళ్ళకి నలభై కీర్తనలు నోటికి వచ్చును.

ఇంతకీ వరసలు ఎక్కడివి? కొన్ని పెద్దల దగ్గర నేర్చినవి, కొన్ని రేడియోలో విన్నవి. 1948 డిసెంబరు 1న విజయవాడ ఆకాశవాణి కేంద్రం మొదలైంది. ఆ కేంద్రం నుంచి పొద్దున్నే వచ్చే భక్తిరంజని వినకుండా మా తాతయ్య పొలం వెళ్ళేవారు కాదట. రజనీకాంతరావు గారు, బాలమురళీకృష్ణ గారు వంటి పెద్దలు పనిచేసిన కేంద్రం అది. బాలమురళి గారు 1930లో పుట్టింది మన కోనసీమలోని శంకరగుప్తంలోనే. "మనవాడే" అనేవారు తాతయ్య, చుట్టం గురించి చెప్పినట్టు. ఒక చిత్రం ఏమిటంటే, ఆకాశవాణి 1940లో హార్మణీని నిషేధించింది. 1971లో గాని ఆ నిషేధం సడలలేదు. అంటే ముప్ఫై ఏళ్ళపాటు రేడియోవాళ్ళు గుమ్మం బయట నిలబెట్టిన వాయిద్యంమీదే మా వాళ్ళు రేడియో పాటలు వాయించుకున్నారన్నమాట!

భజన వల్ల ఊరికి ఏం ఒరిగింది అని అడగవచ్చు. ఎవరింట్లో చావు జరిగినా రాత్రంతా శవం దగ్గర కూర్చుని పాడేది వీళ్ళే. 1996 నవంబరు 6 తుఫానుకి కొబ్బరిచెట్లు విరిగి ఇళ్ళమీద పడ్డాయి, కరెంటు లేదు. ఆ చీకట్లో కోవెల దగ్గర గుడ్డిదీపం పెట్టుకుని పాడితే, పిల్లలు ఏడుపు మాని వచ్చి కూర్చున్నారని నాయనమ్మ చెబుతుంది. బోదె నీళ్ళ దగ్గర తగువుపడి మాటలు లేని అన్నదమ్ములిద్దరు ఒకే చాపమీద కూర్చుని తాళం కలిపేవారట. మాటలు మాత్రం నాలుగేళ్ళకి గాని కలవలేదట!

ఇప్పుడు భజనలో మిగిలింది ఆరుగురు. అందరూ అరవై దాటినవాళ్ళే.

ఇక నా అబద్ధం సంగతి. మొదటి సంవత్సరంలో ఒక శనివారం రాత్రి తాతయ్య ఫోను చేసి, భజన వినిపిస్తానని ఫోను హార్మణీ పక్కన పెట్టారు. హాస్టలు గదిలో నలుగురం ఉన్నాం. చప్పుడు బయటికి వినిపించింది. "ఏమిటిరా ఆ గోల?" అని ఒకడు నవ్వాడు. "ఎవరో మా ఊరి ముసలాళ్ళులే" అని ఫోను కట్టేశాను. మళ్ళీ ఆయన అలా చెయ్యలేదు. ఎందుకు చెయ్యలేదో అడగడానికి నాకు నోరు రాలేదు.

మొన్న ధనుర్మాసంలో ఇంటికి వెళ్ళాను. తెల్లవారుజామున వీధుల్లో పాడుతూ తిరిగే రోజులు. కోవెల నిశ్శబ్దంగా ఉంది. హార్మణీలో మూడు రీడ్లు పలకడం లేదు, రెండు అపస్వరం. బాగుచేసే ముసలాయన పోయి రెండేళ్ళయిందట. "ఇంక చాల్లేరా అబ్బాయ్, మాతోటే పోతుంది" అన్నారు తాతయ్య. ఆ మాట నాకు గుచ్చుకుంది.

ఇంటర్మీడియట్‌లో నాతో చదివిన స్నేహితుడు ఒకడు పేటలో ఉంటాడు. వాళ్ళ నాన్న చర్చిలో హార్మణీ వాయిస్తారు, రిపేరు కూడా తెలుసు. ఆ సంగతి చెప్పాను. తాతయ్య చాలాసేపు మాట్లాడలేదు. డెబ్బై ఆరేళ్ళలో ఆయన ఆ పేటలో ఏ ఇంటి అరుగు మీదా కూర్చోలేదు. నాకు తెలుసు, ఆయనకీ తెలుసు. మర్నాడు పొద్దున్న పెట్టె తానే సైకిలు వెనక కట్టి, "పదరా" అన్నారు.

క్రిస్మస్ పాటల సాధన జరుగుతోంది. స్నేహితుడి నాన్నగారు "ఆయ్, రండి కూర్చోండి" అని కుర్చీ వేశారు. తాతయ్య అరుగు మీదే కూర్చున్నారు. మాసిన కీర్తనల పుస్తకం ఒకటి అక్కడ ఉంటే తిరగేశారు. చాలా పాటల మీద రాగం పేరు, తాళం పేరు ఉన్నాయి. పల్లవి, చరణాలు ఉన్నాయి. వాటిలో కొన్ని 19వ శతాబ్దపు పురుషోత్తమ చౌదరి గారివి. "ఇవీ కీర్తనలేనే!" అన్నారు, ఆశ్చర్యంగా. నాకు సిగ్గేసింది. పక్క పేటలో ఏం పాడతారో తెలియకుండానే ఒక మనిషి జీవితమంతా గడిచిపోయింది. నాకూ ఇరవై ఏళ్ళు గడిచాయి.

రీడ్లు పలకకపోవడానికి కారణం దుమ్ము. తుడిస్తే పలికాయి. అపస్వరాలకే పని పడింది. చర్చి హార్మణీ పక్కన పెట్టి రెండింటి మీదా ఒకే మెట్టు నొక్కారు. ఊయల ఊగినట్టు ధ్వని పెరుగుతూ తగ్గుతూ వినిపించింది. మేము లాబొరేటరీలో శృతిదండాలతో లెక్కపెట్టే విస్పందనాలు అవే! ఒకటి 256, ఇంకొకటి 260 కంపనాలు చేస్తే సెకనుకు నాలుగు విస్పందనాలు. ఆయన ఆ పేరు ఎన్నడూ వినలేదు. రీడు కొన దగ్గర సన్నగా గీకితే బరువు తగ్గి స్వరం పెరుగుతుంది, మొదట్లో గీకితే బిగువు తగ్గి స్వరం దిగుతుంది. చెవితోనే చూసుకుంటూ గీకారు. ఊగడం నెమ్మదించి, నెమ్మదించి, ఆగిపోయింది. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను గాని, ఆ పాఠం నాకు అర్థమైంది ఆ అరుగు మీద.

డబ్బు ఇవ్వబోతే పుచ్చుకోలేదు. "పెట్టె పలికితే చాలండి" అన్నారు. వచ్చే దారిలో తాతయ్య ఏమీ అనలేదు. ఇంటికొచ్చాక మాత్రం నాయనమ్మతో, "సంక్రాంతికి వాళ్ళింటికి అరిసెలు పంపు" అన్నారు. దీనితో ఊరంతా మారిపోయిందని నేను చెప్పను. ఆ శనివారం భజనకి వచ్చింది పాత ఆరుగురే. ఏడోవాణ్ణి నేను. వంత పాడాను, రెండుచోట్ల తాళం తప్పాను. తాతయ్య నా వైపు చూడకుండా తాళం కాస్త గట్టిగా వేశారు, నేను అందుకోవడానికి.

హాస్టలుకి వచ్చాక గదిలో వాళ్ళకి చెప్పాను, ఆ రాత్రి ఫోనులో పాడింది మా తాతయ్యే అని. మిత్రులారా, మీ ఊళ్ళో కూడా ఎక్కడో ఒక పెట్టె మూగబోయి ఉంటుంది. ఈ సెలవులకి వెళ్ళినప్పుడు ఒక్కసారి మూత తీసి చూడండి. చాలాసార్లు అది దుమ్మే.