కింద ఉన్నవాళ్ళ కథ

మా అనంతపురం వైపు ‘కాలాలు సరిగ్గా లేవు’ అంటే వానలు లేవని అర్థం. కాలం అంటే మాకు గడియారం కాదు, శెనక్కాయ విత్తే ముందు మబ్బు కోసం ఎదురుచూడటం. సుగాలి తండాలో పుట్టి టీచరునైన నేను, కాలంలో ప్రయాణం చేసే ఒక ఇంగ్లీషు నవల గురించి రాయడం కొందరికి వింతగా ఉండొచ్చు. కానీ ఆ నవలలో మనకు సంబంధించిన ప్రశ్న ఒకటి ఉంది.

మన తెలుగువాళ్ళలో చాలామందికి కాలయంత్రం తెలిసింది ‘ఆదిత్య 369’తోనే. సింగీతం శ్రీనివాసరావు 1991లో తీసిన ఆ సినిమాలో బాలకృష్ణ శ్రీకృష్ణదేవరాయల కాలానికి, తర్వాత 2504వ సంవత్సరానికి వెళ్తాడు. ఆ ఆలోచనకు మూలం హెచ్.జి. వెల్స్ 1895లో రాసిన ‘ది టైమ్ మెషీన్’.

నవలలో కథానాయకుడికి పేరు లేదు, యాత్రికుడు అంతే. అతను 8,02,701వ సంవత్సరానికి వెళ్తాడు. అక్కడ మనుషులు రెండు జాతులైపోయి ఉంటారు. నేల మీద ఉండేవాళ్ళు ఎలోయ్‌లు. తెల్లగా, చిన్నగా, ముద్దుగా ఉంటారు. పండ్లు తింటారు, పని చేయరు, చీకటంటే భయం. నేల కింద ఉండేవాళ్ళు మార్లాకులు. యంత్రాలు నడిపేది వాళ్ళే. రాత్రిపూట పైకొచ్చి ఎలోయ్‌లను పట్టుకుపోయి తింటారు.

ఇలా ఎందుకైంది? యాత్రికుడు మొదట, కష్టం లేక మనిషి మెత్తబడిపోయాడు అనుకుంటాడు. మార్లాకులను చూశాక, ఉన్నవాళ్ళు పైన, కూలివాళ్ళు కింద ఉండి ఉండి రెండు జాతులయ్యారు అంటాడు. చివరికి, పైవాళ్ళే కిందివాళ్ళకు మేపిన గొర్రెలయ్యారని గ్రహిస్తాడు. అయినా తన ఊహ తప్పు కావచ్చని తానే ఒప్పుకుంటాడు. నవలకు బలం అదేనని నా అభిప్రాయం.

సినిమాలకు ఆ ఓపిక లేదు. 1960లో జార్జ్ పాల్ తీసిన సినిమాలో ఈ చీలికకు కారణం యుద్ధం. నేల కింద దాక్కున్నవాళ్ళలో కొందరు పైకి వచ్చారు, కొందరు అక్కడే ఉండిపోయారు. కూలీ, యజమాని అన్న ప్రశ్న మాయమైంది. అణుబాంబు భయం ఉన్న రోజులు అవి, కాబట్టి అర్థం చేసుకోవచ్చు. ఆ సినిమాలో గొప్ప సంగతీ ఉంది. ఎదురుగా ఉన్న దుకాణంలో బొమ్మకు తొడిగిన బట్టలు మారిపోతుంటే, ఏళ్ళు గడుస్తున్నాయని మాట లేకుండా తెలుస్తుంది. కానీ మార్లాకులు ఒట్టి రాక్షసులు. హీరో ఎలోయ్‌లకు తిరగబడటం నేర్పి వాళ్ళను కాపాడతాడు.

2002లో వెల్స్ మునిమనవడు సైమన్ వెల్స్ మరోసారి తీశాడు. ఇందులో చంద్రుడు పగిలిపోవడం వల్ల మనుషులు విడిపోతారు. నన్ను ఆపింది అది కాదు. ఇందులో ఎలోయ్‌లు గోధుమరంగు మనుషులు, కొండగోడకు వేలాడే ఇళ్ళలో ఉండే ఒక తెగ. నవలలో యజమానుల వారసులైనవాళ్ళు ఇక్కడ గిరిజనులైపోయారు! అమాయకులు, మంచివాళ్ళు, తమను తాము కాపాడుకోలేనివాళ్ళు. కాపాడటానికి తెల్లాయన రావాలి.

ఇది చూశాక నాకు ఒకటి తోచింది. ఎలోయ్, మార్లాక్ – లోకం మనకు తగిలించిన రెండు ఫోటోలు ఇవే. ఒకటి అమాయక గిరిజనుడు. సినిమా పాటల్లో ఆకులు కట్టుకుని ఆడేది అతనే. రెండోది చీకట్లో తిరిగే దొంగ. 1871లో బ్రిటిష్‌వాళ్ళు నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. 1911లో దాన్ని మద్రాసు రాష్ట్రానికీ వర్తింపజేశారు. ఎరుకలవాళ్ళవంటి జాతులు పుట్టుకతోనే దొంగలని రాసేశారు. వెల్స్ మార్లాకులను ఊహించిన రోజుల్లో ఆ చట్టం అమల్లోనే ఉంది. 1952లోగానీ దేశమంతటా అది పోలేదు.

తొమ్మిదో తరగతిలో ఈ కథ చెప్పినప్పుడు ఒక అమ్మాయి అడిగింది: “వాళ్ళ మాట ఆయనకు రాదు కదా మేడం, చెడ్డోళ్ళని ఎట్ల తెలిసె?” నిజమే. నవలలో మార్లాకుల సంగతంతా యాత్రికుడే చెప్తాడు. మార్లాకుల మాట అతను నేర్చుకోలేదు. చూడగానే అసహ్యించుకున్నాడు. తన ఊహ మీద తనకే అనుమానం ఉన్నందువల్ల ఆ పిల్ల ప్రశ్నకు నవలలో చోటుంది. సినిమాలో కోరలు ముందే చూపించేస్తారు, ఇక అడిగేదేముంది?

ఆ అమ్మాయి అమ్మానాన్న బెంగళూరులో అపార్టుమెంట్ల కింద కార్లు పెట్టుకునే సెల్లార్లు తవ్వుతారు. బోర్లు ఎండిపోయాక తండాలో సగం ఇళ్ళది ఇదే బతుకు. ఫిబ్రవరిలో గుత్తి దగ్గర సేవాగఢ్‌లో సేవాలాల్ జయంతికి వస్తారు, మళ్ళీ వెళ్తారు. పైన కాపురముండేవాళ్ళకు ఆ సెల్లారు తవ్వినవాళ్ళ పేరు తెలియదు. వెల్స్ భయపడింది ఇలాంటి దూరం గురించే. అది 8,02,701 దాకా ఆగలేదు.

‘ఆదిత్య 369’ అంటే నాకు ఇష్టం. రాయల సభను కళ్ళారా చూపించింది. పెనుకొండ కోట చూసిన మా పిల్లలకు అది మరీ దగ్గర. కానీ కాలయంత్రం రాజుల సభ దగ్గరే ఆగుతుంది. మన పెద్దలు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని తిరిగిన దారిలో ఆగదు. రైలు వచ్చి ఆ బేరం పోయిన రోజున తండాలో ఏమనుకున్నారో ఏ సినిమా చెప్పలేదు. యంత్రం ఎక్కినవాళ్ళ కథలు చాలా ఉన్నాయి, యంత్రం వల్ల దారి పోయినవాళ్ళవి తక్కువ.

తోటి టీచర్లకు నాదొక మాట. పిల్లలకు ముందు నవల చెప్పండి, తర్వాత సినిమా చూపించండి. ఏం మార్చారు, ఎందుకు మార్చారు, ఎవరి నోట చెప్పించారు అని అడగండి. ఆ తర్వాత ఇదే కథను మార్లాకు పిల్ల చెప్తున్నట్టు రాయమనండి. మా బడిలో రాయించాను. కొందరు గోర్ బోలీలో మొదలుపెట్టి తెలుగులోకి వచ్చారు. ఒకరిద్దరు తెలుగులోకి రానేలేదు. నేను దిద్దలేదు.