మానేభంజ్యాంగ్‌లో ఒక ముసలి బండి

డార్జిలింగ్ నుండి ఘూమ్, సుఖియాపోఖ్రీల మీదుగా పడమరగా సుమారు 26 కిలోమీటర్లు వెళితే భారత, నేపాల్ దేశాల సరిహద్దు మీద ఒక చిన్న ఊరు వస్తుంది. దాని పేరు మానేభంజ్యాంగ్. నేపాలీ భాషలో భంజ్యాంగ్ అంటే రెండు కొండల మధ్య పల్లంగా ఉండే కనుమ. మానే అంటే బౌద్ధుల ప్రార్థనా కట్టడం. పేరులోనే ఊరి స్వరూపమంతా ఇమిడి ఉన్నది. ఇక్కడ పొగమంచుకు వేళాపాళా లేదు. ఎదురింటి గడప కనబడని ఉదయాలున్నాయి. పది నిమిషాలలో తెర తొలగి, లోయ అడుగు వరకు పచ్చగా మెరిసే మధ్యాహ్నాలూ ఉన్నాయి.

ఈ ఊరికి యాత్రికులు వచ్చేది సాందక్‌ఫూ శిఖరం కోసం. 3,636 మీటర్ల ఎత్తున్న ఆ శిఖరం పశ్చిమ బెంగాల్ రాష్ట్రంలో అన్నిటికంటె ఎత్తయినది. అక్కడ నిలబడితే కాంచన్‌జంగ, ఎవరెస్టు, ల్హోత్సే, మకాలూ నాలుగూ ఒకే దృష్టిపథంలోకి వస్తాయి. కాని నన్ను ఆకర్షించినవి శిఖరాల కంటె ముందు, ఊరి మొదట వరుసగా నిలబడి ఉన్న బండ్లు. గుండ్రని దీపాలు, చదునైన రెక్కలు, పెట్టెను కోసి చక్రాలు తగిలించినట్లుండే ఆకారం. 1950ల నాటి ల్యాండ్ రోవర్లు! ఆ కంపెనీ 2018లో తన డెబ్బయ్యవ వార్షికోత్సవం జరుపుకొన్నప్పుడు ఈ ఊరి బండ్లమీద ప్రత్యేకంగా ఒక లఘుచిత్రం తీయించింది. అప్పుడు లెక్కకు వచ్చినవి 42. వాటిలో పాతది 1957 నాటిది. ప్రదర్శనశాలలో కాదు, కొండదారిలో, కిరాయికి.

ఇవి ఇక్కడికెలా వచ్చాయన్నది తెల్లదొరల తేయాకు తోటల కథ. దొరలు వెళ్ళిపోయారు, తోటలు చేతులు మారాయి, బండ్లు కొండవారి పాలబడ్డాయి. అంతకు ముందరి కథ ఇంకా చిత్రమైనది. రోవర్ కంపెనీ ముఖ్య రూపశిల్పి మారిస్ విల్క్స్‌కు వేల్సు తీరాన ఆంగ్లసీ ద్వీపంలో ఒక వ్యవసాయ క్షేత్రముండేది. యుద్ధానంతరం మిగిలిన అమెరికన్ జీపు ఒకటి కొని ఆయన పొలం పనులకు వాడుకునేవాడు. అది మూలబడితే దాని స్థానంలో కొనదగినది మరొకటి లేదు. 1947లో సముద్రపుటొడ్డున ఇసుకమీద తన బండి రూపాన్ని గీసి చూపాడంటారు. 1948 ఏప్రిల్ 30న ఆమ్‌స్టర్‌డామ్ మోటారు ప్రదర్శనలో ఆ గీత లోకానికి వెల్లడి అయింది.

యుద్ధం తర్వాత బ్రిటన్‌లో ఉక్కుకు కటకట. విమాన కర్మాగారాలలో మాత్రం అల్యూమినియం మిగిలిపోయి ఉన్నది. అందుచేత బండికి పైతొడుగు అల్యూమినియం మిశ్రలోహంతోను, కింది చట్రం మాత్రం ఉక్కుతోను చేశారు. ఆనాటి ఆ ఇబ్బందే ఈనాటి దీర్ఘాయుష్షుకు మూలమైంది. ఉక్కు రేకుతో చేసిన సమకాలీన వాహనాలు తుప్పై మట్టిలో కలిసిపోతే, ఇవి మిగిలాయి. లేమి పెట్టిన వరమన్నమాట!

నన్ను పైకి తీసుకువెళ్ళిన డ్రైవరు ముప్ఫై ఏళ్ళ యువకుడు. ఊరు దాటగానే చిత్రే వరకు దారి నిట్టనిలువు. మలుపు మీద మలుపు. కొన్నిచోట్ల ఒకేసారి తిరగక, వెనక్కి వచ్చి మళ్ళీ తిప్పాలి. అతడు పక్కనున్న చిన్న కర్రను లాగాడు. దానితో బండి తక్కువ గేర్ల వరుసలోకి వెళుతుంది. ఇంజను పలుమార్లు తిరిగితేగాని చక్రం ఒక్కసారి తిరగదు. వేగం మనిషి నడకకు దిగుతుంది, బలం మాత్రం ఎద్దులాగ పెరుగుతుంది. ఆ గతిలో రాళ్ళమీద నుండి రాళ్ళమీదికి పాకుతూ మేఘ్‌మా, తుమ్లింగ్, గైరీబాస్, కాలాపోఖ్రీ దాటి వెళ్ళాము. కమాను కట్టల మీద కూర్చున్నవారికి ఈ ప్రయాణం వెన్నెముకతో తెలుస్తుంది, అంతకంటె వర్ణించను.

ఇంజను చప్పుడు విని, ఇది పాతది కాదు కదా అని అడిగాను. "కాదు దీదీ, మన దేశపు డీజిల్ ఇంజనే. అసలుది పెట్రోలుది. దానితో కిరాయి గిట్టదు" అన్నాడు. ఊరిలో పలువురు ఇదే పని చేశారట. కొసరుగా చెప్పాడు, "మా కాకా దగ్గర అసలు ఇంజనుతోనే ఒక బండి ఉన్నది. వెనుక తొట్టి ఉన్న పికప్పు. కదలక చాలా ఏళ్ళయింది. దాన్ని బాగుచేయాలా, విప్పి అమ్మాలా అని మా ఇంట్లో రోజూ గొడవే."

దిగివచ్చిన మర్నాడు ఆ గొడవ చూడడానికి వెళ్ళాను.

రేకుల పాక. లోపల వంటచెరకు, బంగాళాదుంపల గోతాలు. వాటి వెనుక పికప్పు. చక్రాల కింద ఇటుకలు. తొట్టిలో కోడి ఒకటి పొదుగుతున్నది. కాకాకు డెబ్బయ్యేళ్ళు పైబడి ఉంటాయి. ఒకప్పుడు ఈ బండి మీద బియ్యం, కిరసనాయిలు, ఉప్పు పై ఊళ్ళకు చేర్చి, తిరిగి వచ్చేటప్పుడు బంగాళాదుంపలు దించేవాడు. ముగ్గురు పిల్లల చదువు దాని మీదే సాగింది. ఆయన ముందుగా చూపినది బండిని కాదు, పెట్టెలో గుడ్డ చుట్టి దాచిన రిజిస్ట్రేషను పుస్తకాన్ని. బండి మీది రేకుపై చెక్కిన ఛాసిస్ నంబరుతో దానిని సరిచూపించాడు. నాకాయన మీద గౌరవం పెరిగింది. కాగితం లేని బండికి ఎంత ఖర్చు పెట్టినా అది పెరట్లో బొమ్మే. ఈ సంగతి తెలియక రంగులతో మొదలుపెట్టేవారే ఎక్కువ.

పాత బండిని పరీక్షించడంలో ఒక క్రమమున్నది. బయటి రూపం చూసి మోసపోకూడదు. విజయవాడ ఆటోనగర్‌లో లారీ పనివారు అయస్కాంతం ముక్క ఒకటి జేబులో ఉంచుకోవడం నేను చూశాను. రేకుకు అంటితే ఉక్కు. అంటకపోతే లోపల పుట్టీ పూసి, పైన రంగు కొట్టి కన్నం కప్పారన్నమాట. ఈ బండి దగ్గర ఆ విద్య పనికిరాదు, పైతొడుగంతా అల్యూమినియమే కనుక. దీనికి రోగం వేరే చోట పుడుతుంది. అల్యూమినియం, ఉక్కు ఒకదానినొకటి తాకి తడిలో ఉంటే, ఉక్కుకు బదులుగా అల్యూమినియం క్షీణించి తెల్లని పొడిగా రాలుతుంది. తొట్టి అంచుల వెంట, బోల్టుల చుట్టూ ఆ పొడి కనబడింది. అది పెద్ద ఇబ్బంది కాదు. రేకు ముక్క కోసి అతుకు వేయవచ్చు.

అసలు పరీక్ష చట్రానికి. ఆ యువకుడు వెల్లకిలా పడుకుని చిన్న సుత్తితో ఆ చివర నుండి ఈ చివరకు తట్టుకుంటూ వచ్చాడు. గట్టి ఉక్కు గంటలాగ పలుకుతుంది. తుప్పు తిన్నది మట్టికుండ పగిలినట్లు బొద్దుగా పలుకుతుంది. ఆ చట్రం లోపల బోలుగా ఉండే పెట్టె కమ్మీ. లోపల చేరిన తడి బయటికి పోదు. అందుచేత పైకి నున్నగా ఉండి లోపలి నుండి చిక్కిపోతుంది. ముందు భాగమంతా ఖంగున పలికింది. వెనుక కమాను కట్టలు తగిలించే చోట స్వరం మారింది. చిట్టచివరి అడ్డుకమ్మీ దగ్గర స్క్రూడ్రైవరుతో పొడిస్తే పిడి వరకు దిగిపోయింది. డ్రైవరు పాదాల కింది రేకులోనూ, ఇంజనుకు వెనుకనున్న అడ్డుగోడ మూలల్లోనూ కన్నాలున్నాయి.

మచిలీపట్నం, విశాఖ తీరాలలో ఉప్పుగాలికి కిటికీ చువ్వలు ఎట్లా పొరలు పొరలుగా రాలుతాయో తెలుగువారికి చెప్పనక్కరలేదు. ఈ కొండల్లో ఉప్పులేదు, ఉన్నది పొగమంచు మాత్రమే. అందుకే ఇన్నేళ్ళకు గాని ఇంత జరగలేదు. అదే తీరాన అయితే మనకు చర్చకు బండి మిగిలేది కాదు.

ఇంజను పట్టేసి ఉన్నది. 1,997 ఘన సెంటీమీటర్ల పెట్రోలు ఇంజను. ప్లగ్గులు విప్పి ఆ రంధ్రాలలో నూనె పోసి, కొన్నాళ్ళు నాననిచ్చి, తర్వాత ముందున్న హ్యాండిలుతో మెల్లగా తిప్పి చూడాలి. తిరిగితే భాగ్యం. బలవంతం చేస్తే పిస్టను రింగులు విరుగుతాయి. ఈ విషయంలో కాకా, కొడుకు వరసైన ఆ యువకుడూ ఒకే మాట మీద ఉన్నారు. తక్కిన అన్నిటిలోనూ ఎదురెదురే.

"విప్పేద్దాం కాకా. గేరుబాక్సు, ఆక్సిళ్ళు దొరకడం లేదు. నా బండికి పదేళ్ళు పనికివస్తాయి. మిగిలినవి ఊళ్ళో వాళ్ళే కొనుక్కుంటారు" అని అతడంటాడు.

"నీ బండి నిలబడాలని దీన్ని కోస్తావు. రేపు నీ బండిని కోసేవాడు వస్తాడు" అని ఈయన.

ఇందులో చట్టం మాట కూడా ఉన్నది. కేంద్ర ప్రభుత్వం 2021 జులైలో పురాతన వాహనాలకు ప్రత్యేక నిబంధనలు ప్రకటించింది. మొదటి రిజిస్ట్రేషను నాటి నుండి 50 ఏళ్ళు నిండిన బండికి 20,000 రూపాయలు కట్టి, పదేళ్ళపాటు చెల్లే ప్రత్యేకమైన నంబరు పొందవచ్చు. నంబరులో రాష్ట్రపు అక్షరాల తర్వాత "వి.ఎ." అని ఉంటుంది. అయితే బండి అసలు రూపంలో ఉండాలి. ఛాసిస్, తొడుగు, ఇంజనులలో చెప్పుకోదగిన మార్పు జరిగి ఉండరాదు. పైగా అది కిరాయికి తిరగరాదు. ప్రదర్శనకో, పాత బండ్ల ర్యాలీకో తీసుకువెళ్ళవచ్చు, అంతే. అనగా ఇంజను అసలుదే ఉంచితే గౌరవం దక్కుతుంది, కూలి దక్కదు. డీజిల్ ఇంజను వేస్తే కూలి దక్కవచ్చు, ఆ గౌరవం పోతుంది. నగరంలోని సంపన్నునికి ఈ చిక్కు లేదు. ఆయన ఆదివారం నాడు దానిని తుడిచి మురిసిపోగలడు. ఈ కొండమీది కుటుంబానికి ఆదివారమే ముఖ్యమైన కిరాయి రోజు. జాతీయోద్యానవనం జూన్ నడుమ నుండి సెప్టెంబరు నడుమ వరకు మూసి ఉంటుంది కనుక, సంపాదనంతా మిగిలిన నెలల్లోనే. కాకా లెక్కలో సంపూర్ణంగా బాగుచేయడానికి రెండు సీజన్ల కిరాయి పడుతుంది. దారిలో సిమెంటు పరచిన భాగాలు పెరుగుతున్నాయి. ఇతర జీపులు కూడా పైకి ఎక్కుతున్నాయి. రెండు సీజన్ల తర్వాత ఈ పాత బండ్లకు గిరాకీ ఉంటుందా అన్నది ఆ యువకుని ప్రశ్న. అది తీసిపారవేయదగిన ప్రశ్న కాదు.

నా అభిప్రాయం అడిగారు. అనువాదం నా వృత్తి గనుక నాకు ముందు మాటే తోచింది. ఇంగ్లీషువారు ఇటువంటి పనికి వాడే మాటలో వెనుకటి స్థితికి తీసుకుపోవడం అన్న అర్థమున్నది. మన దగ్గర శిథిలమైన గుడి విషయంలో జీర్ణోద్ధరణ అంటాము. కూలినదానిని పైకెత్తడం, ఎత్తిన తర్వాత దీపం వెలగాలి, నైవేద్యం నడవాలి. పాత రాయి స్థానంలో కొత్త రాయి పెట్టినందుకు ఎవరూ తప్పుపట్టరు. ఈ బండి తయారైంది బరువు మోయడానికి. మళ్ళీ మోస్తుందనుకుంటే బాగుచేయించండి, ఏ ఇంజనైనా సరే. మోయదనుకుంటే విప్పండి, దాని ఎముకలు మరొక బండిలో మోస్తాయి. మెరుగు పెట్టి నిలబెట్టడానికి మాత్రం రెండు సీజన్లు ధారపోయకండి అన్నాను. కాకా నవ్వి, "నువ్వు వాడి పక్షమా, నా పక్షమా బేటీ?" అన్నాడు.

చివరకు ఆయనే ఒక దారి తీశాడు. ఇంజను జోలికి ఇప్పుడు పోవద్దు, రంగు మాట ఎత్తవద్దు. ముందుగా తొట్టి దించి, వెనుక చట్రాన్ని గట్టి ఉక్కు తగిలేదాకా గీకాలి. వెల్డింగు పట్టేటంత లోహం మిగిలి ఉంటే అడ్డుకమ్మీ కొత్తది వేయించి, ఆ తర్వాత ఇంజను సంగతి ఆలోచించవచ్చు. వెల్డింగు మంటకు కరిగి కన్నమే పెద్దదైతే, గేరుబాక్సు ఆ సాయంత్రమే అబ్బాయిది. వెల్డరుకు సుఖియాకు కబురు పంపారు. బండి మీది గోతాలు దించడం అప్పుడే మొదలైంది. గుడ్లు పిల్లలయ్యేదాకా తొట్టి జోలికి వెళ్ళవద్దని లోపలి నుండి ఆ ఇంటి ఇల్లాలు కేకవేసింది.