మా కంప్యూటరు బూటు పట్టిక

మా యింటి కంప్యూటరులో విండోసును, డెబియన్ లినక్సును రెండును గలవు. మీట నొక్కినంతనే తెరపై నొక చిన్న పట్టిక వచ్చును. కోరిన పేరుపై నిలిచి ఎంటరు నొక్కిన ఆ వ్యవస్థ మేల్కొనును. పెండ్లిలో వధూవరులు పేరు చెప్పినగాని ఆడుబిడ్డలు తలుపు విడువరు గదా, ఇదియు నట్టిదే. ఈ పట్టికను జూపు ప్రోగ్రామునకు గ్రబ్ అని పేరు. 1995లో ఎరిక్ బోలిన్ అను నాతడు దీనిని ఆరంభించెను.

మావారు లినక్సును 2023లో వెలువడిన 12వ కూర్పునకు మార్చిన మరునాడు చూతుము గదా, పట్టికలో విండోసు పేరు లేదు. మాకు గలిగిన భయము యంత్రమునుగూర్చి కాదు. మా అత్తగారు చెప్పగా మావారు వ్రాసి యుంచిన పెండ్లిపాటలు, నలుగుపాటలు, అప్పగింతలపాటలు పేజిమేకరులో, అను అక్షరములతో నున్నవి. అవి యూనికోడు అక్షరములు కావు. పేజిమేకరు చివరి కూర్పు 2001 నాటిది, దాని డిస్కు మాకడ ఏనాడో పోయినది. విండోసు తుడిచిపెట్టినచో ఆ పాటలను తెరచు సాధనమే యింట లేకుండును. ఇక అత్తగారిని మరల అడుగుదమన్నను, వారికి ఎనుబదియారేండ్లు. పల్లవి యెత్తి యిచ్చినను చరణము జ్ఞప్తికి రాదు.

బజారులోని మరమ్మతు దుకాణమువారు రెండు నిమిషములు చూచి, “విండోసు చెడిపోయినదమ్మా, డిస్కంతయు తుడిచి మరల వేయవలెను” అనిరి. తుడుచుట యను మాట చెవినిబడగానే మేము పెట్టెను ఇంటికి దెచ్చుకొంటిమి. రోగమేదో తెలియకమునుపే లంఖణము పెట్టు వైద్యునివలె నుండెను వారి ధోరణి.

ముందుగా ఆ పాటల ఫైళ్లను పెన్‌డ్రైవులోనికి ఎక్కించితిమి. లినక్సునుండియు విండోసు భాగమును జూడవచ్చును. ఫైళ్లన్నియు చెక్కుచెదరక యుండెను. పిమ్మట, విండోసు నిజముగా చెడినదా, లేక పట్టికలో పేరు మాత్రమే పోయినదా యని విచారించితిమి. దీనిని దెలిసికొనుటకు సులభమైన మార్గమున్నది. గ్రబ్‌కంటె ముందు మేల్కొనునది యంత్రముతో బుట్టిన చిన్న ప్రోగ్రాము, యూఈఎఫ్ఐ. దానికి వేరుగా నొక పట్టిక గలదు. మీట నొక్కినవెంటనే ఒక బొత్తామును పలుమారులు నొక్కినచో నది కనబడును. ఆ బొత్తాము కొన్నింటిలో ఎఫ్ పండ్రెండు, కొన్నింటిలో ఎఫ్ తొమ్మిది, కొన్నింటిలో ఎస్కేప్. మాది ఎఫ్ పండ్రెండు. అందు విండోసు పేరు చక్కగా నుండెను. దానిని ఎన్నుకొనగా విండోసు ఎప్పటివలెనే తెరచుకొనెను, పాటలును తెరచుకొనెను. ఆ రాత్రి మేము నిశ్చింతగా భుజించితిమి.

కావున చెడినది విండోసు కాదు, గ్రబ్ పట్టిక. మా మరిదిగారి కుమారుడు ఇంజనీరింగు చదువువాడు. వాడు వచ్చి, “పెద్దమ్మా, పట్టిక ఫైలులోనే పేరు వ్రాసివేసెదను” అని కూర్చుండెను. ఆ ఫైలు నెత్తిమీదనే దీనిని దిద్దవలదని వ్రాసియున్నది! అది ప్రతి మాత్రమే. మాతృక వేరొకచోట, ఈటీసీ అను సంచిలోని డీఫాల్టు సంచిలో గ్రబ్ అను పేర నుండును. ప్రతిని దిద్దిన, లేఖకుడు మాతృకనుండి మరల వ్రాసినపుడు ఆ దిద్దుబాటు పోవును. తాళపత్రముల కాలమునుండియు నున్న సంగతియే యిది.

మాతృకను తెరచితిమి. హ్యాష్ గుర్తుతో మొదలగు పంక్తులు టీక, యంత్రము వానిని చదువదు. గుర్తు లేనివే మూలము. డిస్కులో ఇంకేయే వ్యవస్థలున్నవో వెదకి పట్టికకెక్కించు పని ఓయస్-ప్రోబర్ అను ప్రోగ్రాముది. 2021లో వచ్చిన గ్రబ్ 2.06 నుండి, భద్రతకొరకు, మనము కోరిననేగాని ఆ వెదకుట జరుగదు. డెబియన్ 12 ఆ కూర్పునే తెచ్చుకొన్నది. అనుమతి నిచ్చు పంక్తి “గ్రబ్ డిజేబుల్ ఓయస్ ప్రోబర్” అనునది. దానికెదుట “ఫాల్స్” అని యుండవలెను. వలదనుటను కాదనుట, అనగా వలయుననుట! వ్యాకరణము చదివినవారికి నవ్వు వచ్చును. మా ఫైలులో నిది టీకగా నుండెను. ముందున్న హ్యాష్ గుర్తును తీసి మూలముగా జేసితిమి.

అంతట “సుడో అప్‌డేట్-గ్రబ్” అను ఆజ్ఞ నిచ్చితిమి. సంకేతపదము కొట్టునపుడు తెరపై చుక్కయైనను పడదు. అది చెడుట కాదు, దాని మర్యాద యంతే. కొన్ని పంక్తులు గడచినపిదప విండోసు దొరకినదని యొక పంక్తి వచ్చెను. మరల మీట నొక్కగా పట్టికలో రెండు పేర్లును నిలిచెను.

అదే ఫైలులో “టైమౌటు” ఎదుట 5 అని యుండెను. పొయ్యిమీది పాలు దించి వచ్చులోపల ఐదు సెకనులు చెల్లి యంత్రము తనకు దోచినదారిని బోవుచుండెడిది. 30 చేసితిమి. “డీఫాల్టు” ఎదుట నున్న సున్నకు మొదటి పేరని యర్థము, ఇచ్చట లెక్క సున్నతో మొదలగును.

ఇప్పుడు ప్రతిదినము మధ్యాహ్నము విండోసు తెరచి ఆ పాటలను యూనికోడులో మరల కొట్టుచున్నాము. నలువది యైనవి. తలుపుదగ్గరి పాటలనుండి మొదలిడితిమి. అత్తగారు ప్రక్కనే కూర్చుండి వినుచుందురు.