ఫలక్‌నుమా లోకల్

హైదరాబాదులో రైలంటే ఇప్పుడు అందరికీ మెట్రోనే గుర్తొస్తుంది. ఎంఎంటీఎస్ మాట ఎత్తితే "అదింకా నడుస్తోందా?" అని అడిగేవాళ్లూ ఉన్నారు. నడుస్తోంది. 2003 ఆగస్టులో మొదలైన ఈ లోకల్ ఇప్పటికీ ఐదు రూపాయల టికెట్టుకు మనిషిని ఎక్కించుకుంటోంది. ఐదు రూపాయలకు టీ కూడా దొరకని ఊళ్లో ఇది చిన్న సంగతి కాదు.

లింగంపల్లిలో ఫలక్‌నుమా బండి ఎక్కి కిటికీ పక్కన కూర్చుంటే చాలు, ఊరంతా వరసగా వచ్చి పలకరిస్తుంది. చందానగర్, హఫీజ్‌పేట అయ్యాక హైటెక్ సిటీ. మెడలో ఐడీ కార్డులున్న పిల్లలు అక్కడ బిలబిలా దిగి షేర్ ఆటోల కోసం పరుగెడతారు. బోరబండ, భరత్‌నగర్, ఫతేనగర్ల దగ్గర టిఫిన్ డబ్బాలతో కార్ఖానా పనివాళ్లు, ఇళ్లల్లో పనులు చేసే ఆడవాళ్లు ఎక్కుతారు. బేగంపేట దాటాక దారి రెండుగా చీలుతుంది. ఒకటి ఖైరతాబాద్ మీదుగా నాంపల్లికి, రెండోది సంజీవయ్య పార్కును ఒరుసుకుంటూ సికింద్రాబాదుకు. సికింద్రాబాద్ తర్వాత ఆర్ట్స్ కాలేజీ స్టేషన్లో పోటీ పరీక్షల పుస్తకాలు పట్టుకున్న కుర్రాళ్లు. 1916 నాటి కాచిగూడ స్టేషన్, ఆపైన మలక్‌పేట, డబీర్‌పురా, యాకుత్‌పురా, ఉప్పుగూడ. బోగీలో అప్పటిదాకా వినిపించిన తెలుగు పలచబడి, పాతబస్తీ ఉర్దూ చిక్కబడుతుంది. మాదాపూర్లో కొలువు చేసేవాళ్లూ యాకుత్‌పురాలో కాపురముండేవాళ్లూ ఒకే బెంచీ మీద మోకాళ్లు తగిలేలా కూర్చునే చోటు ఈ ఊళ్లో ఇంకొకటి నాకు తెలియదు. ఈ బండి మీద నాకున్న మమకారమంతా అందుకే.

ఓ పొద్దున సికింద్రాబాదులో ఒక పెద్దావిడ లింగంపల్లి బండి ఎక్కింది. మోండా మార్కెట్లో కొన్న ఆకుకూరలు పెద్ద గోనెమూటెడు. పుంటికూర, కొత్తిమీర కట్టలు పైకి తన్నుకొస్తున్నాయి. మూటను తలుపు పక్కకు జరిపి, సీసా మూతలో నీళ్లు పోసి వేళ్లతో చిలకరించింది. తడి మట్టివాసన బోగీ అంతా పరుచుకుంది. పక్కన నిలబడ్డ కుర్రాడు చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీసి, "ఎక్కడ దిగుతవ్ పెద్దమ్మా?" అన్నాడు. "బోరబండ బిడ్డా. జర పట్టాలె నువ్వు." అతను దిగాల్సింది ఆ తర్వాతి స్టేషన్లో. భరత్‌నగర్ దాటగానే తన బ్యాగు వీపుకు తగిలించుకుని, ఎదుటి మనిషితో "అన్నా, ఆ మూల పట్టు" అన్నాడు. బండి ఆగే అర నిమిషంలో మూట ప్లాట్‌ఫారం మీద ఉంది, కుర్రాడు మళ్లీ బండిలో ఉన్నాడు. అంత మూటను ఆటోలో తెచ్చుకుంటే ఆవిడకు ఆ రోజు మిగిలే లాభంలో సగం కిరాయికే పోతుంది.

ఇంత పనికొచ్చే బండిని జనం వదిలేయడానికి కారణం ఒకటే: నమ్మకంగా రాదు. లోకల్‌కంటూ విడిగా పట్టాలు లేవు. వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాదుకు 1874లో నిజాం కాలంలో వేసిన దారి మీదే ముంబయి వైపు ఎక్స్‌ప్రెస్‌లు, గూడ్సులు, లోకళ్లు అన్నీ నడవాలి. దూరపు బండి వస్తోందంటే లోకల్ పక్కకు తప్పుకోవాల్సిందే. రోజూ వెళ్లేవాళ్లు దీన్ని "ఔటర్ల పెట్టిండు" అంటారు. ఆఫీసు మనిషికి అది విసుగు. నాలుగిళ్లల్లో గిన్నెలు తోమే మనిషికైతే మొదటి ఇంట్లో మాట పడటం, నాలుగో ఇల్లు పోగొట్టుకోవడం. స్థోమత ఉన్నవాళ్లు ఒక్కొక్కరే బైకులకూ మెట్రోకూ మారిపోయారు. లేనివాళ్లు ప్లాట్‌ఫారం మీదే ఉన్నారు. కరోనాకు 2020 మార్చిలో ఆగిన లోకల్ 2021 జూన్‌లో గానీ కదల్లేదు. ఆ పదిహేను నెలలూ వీళ్లు ఎలా తిరిగారన్నది నగర రవాణా గురించి మాట్లాడే ఏ సభలోనూ నేను వినలేదు.

ఎంఎంటీఎస్ రెండో దశ అంటూ 2023 ఏప్రిల్‌లో మేడ్చల్‌కు, ఉందానగర్‌కు బండ్లు వేశారు. సంతోషమే. కానీ కొత్త స్టేషన్ల కన్నా ముందు ఉన్న స్టేషన్లకు బండ్లు పెరగాలని నా అభిప్రాయం. భరత్‌నగర్, ఖైరతాబాద్, మలక్‌పేటల్లో మెట్రో, లోకల్ స్టేషన్లు దగ్గరదగ్గరే ఉన్నాయి. రెంటికీ బస్సుకూ కలిపి ఒకే టికెట్టు ఇవ్వొచ్చు. పొద్దున ఏడు నుంచి పది దాకా, సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది దాకా పది నిమిషాలకో లోకల్ ఉంటే ఎవరూ టైంటేబుల్ చూసుకోనక్కర్లేదు. అందుకు విడి పట్టాలు కావాలి, డబ్బూ ఏళ్లూ పడతాయి. ఈలోగా ఆ ఆరు గంటలూ గూడ్సు బండ్లను ఊరి బయటే ఆపి, లోకల్‌కు దారి ఇవ్వమని అడుగుతున్నాను.